ఊరంతా చూసే గోడ

క్లైన షైడెగ్ స్టేషన్‌లో రైలు మారాలి. యుంగ్‌ఫ్రౌ మంచు చూడ్డానికి వచ్చే టూర్ల దారి చాలాకాలంగా ఇదే. నేను దిగిన రోజు ప్లాట్‌ఫాం మీద రెండు మూడు తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. రైలు రావడానికి ఇంకా టైముంది. తలెత్తి చూస్తే ఎదురుగా సగం ఆకాశాన్ని మూసేస్తూ నల్లటి గోడ. అదే ఐగర్ ఉత్తర ముఖం. కొండ ఎత్తు 3,967 మీటర్లు, అందులో ఈ గోడే దాదాపు 1,800 మీటర్లు. మనం ఎక్కబోయే రైలు ఆ కొండ కడుపులోంచే పైకి పోతుంది. 1912 నుంచీ పోతూనే ఉంది.

అక్కడ డబ్బులేసి చూసే దుర్భిణి ఒకటుంది. కాసేపు వెతికితే గోడ మధ్యలో, బూడిదరంగు మంచు పలక మీద, రెండు చుక్కలు దొరికాయి. ఒకటి కదిలితే రెండోది ఆగుతోంది, అది ఆగాక ఇది కదులుతోంది. అంటే ఇద్దరి మధ్యా తాడుంది.

ఐగర్‌కున్న ప్రత్యేకత ఈ చూపే. అంతకంటే ఎత్తయిన గోడలు, కష్టమైన గోడలు లోకంలో చాలా ఉన్నాయి. కానీ హోటల్ వరండాలో కాఫీ తాగుతూ మనిషి ప్రాణం కోసం పెనుగులాడటం చూడగలిగే గోడ మరొకటి ఉందనుకోను. కింద గ్రిండెల్‌వాల్డ్ ఊరు 1,034 మీటర్ల దగ్గర పచ్చిక మధ్య కూర్చుని ఉంటుంది. ఆ ఊళ్ళో ఎక్కణ్ణుంచి తలెత్తినా ఐగర్ తగులుతుంది. కొండ కొనను 1858లోనే చార్లెస్ బారింగ్టన్ ఇద్దరు స్థానిక గైడ్లతో పశ్చిమం వైపునుంచి అందుకున్నాడు. ఉత్తర గోడ మాత్రం మరో ఎనభై ఏళ్ళు ఎవరికీ లొంగలేదు. జర్మన్ భాషలో ఉత్తర గోడను నోర్డ్‌వాండ్ అంటారు. ఒక్క అక్షరం మార్చి మోర్డ్‌వాండ్ అన్నాయి పత్రికలు. హంతక గోడ అని.

1935లో ఇద్దరు జర్మన్ యువకులు పైకి వెళ్ళి తుపానులో చిక్కి తిరిగిరాలేదు. వాళ్ళు చివరిసారి కనిపించిన చోటుకి మృత్యుశిబిరం అన్న పేరు స్థిరపడిపోయింది. మరుసటి ఏడాది జులైలో నలుగురు వెళ్ళారు. నునుపు రాతి పలకను అడ్డంగా దాటే దారిని హింటర్‌స్టాయిసర్ కనిపెట్టాడు. దాటాక తాడు లాగేసుకున్నారు. వాతావరణం చెడి వెనక్కి మళ్ళేసరికి ఆ పలక మంచు పట్టి ఉంది, తాడు లేకుండా దాటలేకపోయారు. రైలు సొరంగంలోంచి గోడలోకి తెరుచుకునే చిన్న తలుపు ఒకటుంది. రైల్వే కాపలా మనిషి ఆ తలుపు తీసి కేకేస్తే, బాగానే ఉన్నాం, దిగుతున్నాం అన్నట్టు జవాబొచ్చింది. ఆయన లోపలికెళ్ళి వాళ్ళకోసం టీ పెట్టాడు. ఎంతసేపటికీ రాకపోతే మళ్ళీ తలుపు తీశాడు. ఈసారి ఒక్క గొంతే వినబడింది. ముగ్గురు పోయారు. టోనీ కుర్ట్స్ ఒక్కడు మిగిలి, రాత్రంతా తాడుకు వేలాడి, తెల్లారాక గడ్డకట్టిన చేత్తో గంటలకొద్దీ తాడు పురి విప్పి, ఆ పోగును కిందికి వదిలాడు. రక్షించడానికి వచ్చినవాళ్ళు పంపిన తాడు చాలక రెండు తాళ్ళు ముడేశారు. ఆ తాడు మీద కిందికి జారుతుంటే ముడి అతని నడుము దగ్గరి ఇనుప కొక్కెంలోంచి దూరలేదు. కింద చేతులు చాచి నిలబడినవాళ్ళకు కొద్ది అడుగుల ఎత్తులో ప్రాణం విడిచాడు. ఆ కాపలా మనిషి కాచిన టీ సంగతి చదివినప్పటినుంచీ ఐగర్ నాకు వట్టి కొండలా కనిపించడం మానేసింది.

గోడ చివరికి 1938 జులైలో లొంగింది. హెక్‌మైర్, ఫోర్గ్, హారర్, కాస్పరెక్ నాలుగు రోజుల్లో పైకి చేరారు. 1963లో మిషెల్ డార్బెలే ఒంటరిగా 18 గంటల్లో ఎక్కాడు. 1974లో మెస్నర్, హాబెలర్ జంట 10 గంటల్లో ముగించింది. పదేళ్ళు తిరక్కుండానే ఆస్ట్రియాకు చెందిన బూబెండోర్ఫర్ ఐదు గంటల లోపుకు దించాడు.

ఈ తగ్గుదల చూసి దీన్నొక పరుగుపందెం అనుకోవడం తేలిక. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అది పొరపాటు. ఆ గోడమీద ఎండ తగిలితే మంచు పట్టు సడలి రాళ్ళు రాలతాయి. మబ్బు పడితే గంటలో తుపాను. అక్కడ మనిషి నైపుణ్యం ఎంతున్నా నెత్తిన పడే రాయికి అది పట్టదు. ఎంత తక్కువసేపు ఉంటే అంత తక్కువ అపాయం. వేగం అక్కడ పుట్టింది భయంలోంచి, లెక్కలోంచి.

ఆ లెక్కను చివరిదాకా తీసుకుపోయినవాడు యూలీ స్టెక్. 1976లో బెర్న్ ప్రాంతంలోని లాంగ్‌నావ్‌లో పుట్టాడు. వృత్తికి వడ్రంగి. తర్వాత కాపురం ఐగర్‌కు దగ్గరలోనే, ఇంటర్‌లాకెన్ పక్కనున్న రింగెన్‌బెర్గ్‌లో. పద్దెనిమిదేళ్ళకే ఈ ఉత్తర గోడ ఎక్కాడు, అందరిలాగే తాడుతో. 2004లో స్టెఫాన్ సీగ్రిస్ట్‌తో కలిసి ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడింటి ఉత్తర ముఖాలనూ 25 గంటల్లో ముగించాడు. 2007 ఫిబ్రవరిలో ఒంటరిగా, 1938 నాటి దారినే, 3 గంటల 54 నిమిషాల్లో ఎక్కాడు. రికార్డే. అయినా తృప్తి లేదు. క్రీడాకారుడిలా శిక్షణ తీసుకుని, ఒంటి బరువూ సంచి బరువూ తగ్గించుకుని, ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. 2008 ఫిబ్రవరి 13న 2 గంటల 47 నిమిషాల 33 సెకన్లు.

చలికాలం ఎందుకంటే రాళ్ళు మంచులో బిగుసుకుని ఉంటాయి కనక. అతను ఎక్కుతున్నప్పటి వీడియోలు ఉన్నాయి. నేను ఒక్క కాలినే చూస్తూ ఒక ముక్కను పదేపదే తిప్పాను. బూటు ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప పళ్ళు మంచులోకి వేలి గోరంత కూడా దిగవు. ఒక్క తన్ను. కుదిరిందా లేదా అని రెండోసారి తన్నడు. మంచుగొడ్డలి కూడా అంతే, ఒక్క దెబ్బ. మంచు లేని చోట దాని ముక్కును రాతి అంచుకు ఆనించి, లాగే దిశ ఇసుమంతైనా మారకుండా దానిమీద ఒళ్ళంతా వేలాడతాడు. చూస్తుంటే హడావుడి ఎక్కడా కనిపించదు. అనవసరమైన పని ఒక్కటీ లేదు, అంతే. ఉలి ఒక్కసారి ఆనించి కొట్టే మంచి వడ్రంగి పనిలాగే ఉంటుంది.

హింటర్‌స్టాయిసర్ పలక దగ్గర ఇప్పుడు తాళ్ళు కట్టే ఉంటాయి. 2008లో స్టెక్ వాటిని పట్టుకోలేదు. 2011లో మరో స్విస్ ఆరోహకుడు డానీ ఆర్నాల్డ్ వాటి సాయం తీసుకుంటూ 2 గంటల 28 నిమిషాలకు దించాడు. అది తప్పని కాదు. గడియారం ఒకటే అయినా ఇద్దరూ ఎక్కిన గోడ ఒకటి కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. 2008 డిసెంబరులో గ్రాండ్ జొరాస్ ఉత్తర ముఖం 2 గంటల 21 నిమిషాల్లో, 2009 జనవరిలో మాటర్‌హార్న్ ఉత్తర ముఖం 1 గంట 56 నిమిషాల్లో స్టెక్ ముగించాడు. ఆల్ప్స్‌లో మూడు పెద్ద ఉత్తర గోడలూ ఏడాది లోపే.

ఆల్ప్స్ అతనికి చాల్లేదు. హిమాలయాల్లో దుర్భిణులుండవు. 2007లో అన్నపూర్ణ దక్షిణ ముఖం మీద రాయి తగిలి దాదాపు 300 మీటర్లు కిందికి పడి బతికాడు. మరుసటి ఏడాది అదే కొండకు తిరిగెళ్ళినప్పుడు, పైన 7,400 మీటర్ల దగ్గర స్పెయిన్ ఆరోహకుడు ఇన్యాకి ఓచోవా ప్రాణాపాయంలో ఉన్నాడని కబురొచ్చింది. తన ప్రయత్నం వదిలేసి పైకి పరిగెత్తాడు. కాపాడలేకపోయాడు గానీ చివరి గడియల్లో పక్కనే ఉన్నాడు. రికార్డులన్నీ ఒక ఎత్తు, ఆ రోజొక్కటీ ఒక ఎత్తు నా మటుకు. అక్కడ వేగం ఇంకొకరి కోసం ఖర్చయింది.

2013 వసంతంలో ఎవరెస్టు మీద, తాళ్ళు కడుతున్న షెర్పాలతో మాటామాటా పెరిగి రెండో శిబిరం దగ్గర రాళ్ళు రువ్వేదాకా వెళ్ళింది. స్టెక్ బృందం కొండ దిగిపోయింది. ఎవరి కథనం వాళ్ళది. కాని అతని మనసు విరిగిన మాట నిజం. అదే అక్టోబరులో మళ్ళీ నేపాల్ వెళ్ళి, అన్నపూర్ణ దక్షిణ ముఖాన్ని ఒంటరిగా 28 గంటల్లో ఎక్కి దిగానని చెప్పాడు. దారిలో మంచు జారి కెమెరా పోయిందన్నాడు. శిఖరం మీది ఫొటో లేదు. పర్వతారోహణలో అత్యున్నత పురస్కారం పియోలే డోర్ ఇచ్చారు. అనుమానాలు మాత్రం పోలేదు, ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు.

నేను అతన్నే నమ్ముతాను. రుజువు చూపమంటే నా దగ్గర లేదు. ఐగర్ మీద ఎక్కినప్పుడు ఎదురుగా ఊరుంది, సెకన్లతో సహా లెక్క ఉంది. అన్నపూర్ణ మీద ఆ రాత్రి అతని పక్కన ఎవరూ లేరు. తాడు వదిలేసినవాడు ప్రాణానికి ఆధారంతోపాటు మాటకు సాక్షిని కూడా వదులుకుంటాడు. ఒంటరి వేగానికి ఈ ఖరీదు కూడా ఉంది.

ఈ మాట రాస్తుంటే మన మస్తాన్ బాబు గుర్తొచ్చాడు. నెల్లూరు జిల్లా సంగం మండలంలో పుట్టి, 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినవాడు. స్టెక్‌ది నిటారు గోడల విద్య, మస్తాన్ బాబుది వేరే తరహా. రెంటికీ పోలిక పెట్టను. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్ళి తిరిగిరాలేదు. రోజుల తరబడి వెతికితేగాని జాడ దొరకలేదు.

ఆ 2015 వేసవిలోనే స్టెక్ ఆల్ప్స్‌లోని 4,000 మీటర్లు దాటిన 82 శిఖరాలనూ 62 రోజుల్లో చుట్టాడు. ఒక కొండనుంచి మరో కొండకు కాలినడక, సైకిలు, పారాగ్లైడర్. మోటారు బండి ముట్టలేదు. నవంబరు 16న ఐగర్‌కు వచ్చి 2 గంటల 22 నిమిషాల 50 సెకన్లలో రికార్డు తిరిగి తీసుకున్నాడు.

2017 వసంతంలో ఎవరెస్టు, ల్హోత్సే రెంటినీ ఒకే ప్రయాణంలో దాటాలని టెంజీ షెర్పాతో కలిసి నేపాల్ వెళ్ళాడు. టెంజీ చేతికి మంచు కాటు వేసింది. ఏప్రిల్ 30న పలచటి గాలికి ఒళ్ళు అలవాటు కావడానికని నుప్త్సే గోడమీదికి ఒక్కడే వెళ్ళి, దాదాపు వెయ్యి మీటర్లు కిందికి పడిపోయాడు. నలభై ఏళ్ళు. తెంగ్‌బోచే ఆశ్రమం దగ్గర, బౌద్ధ లామాల మంత్రాల మధ్య, ఎవరెస్టు కనిపించే చోట దహనం చేశారు.

రైలు వచ్చే వేళయింది. దుర్భిణి దగ్గర నా వెనక ఒక పెద్దావిడ, పట్టుచీర మీద మందపాటి కోటు తొడుక్కుని నిలబడి ఉన్నారు.

"ఏం కనిపిస్తోంది నాయనా?"

"మనుషులున్నారమ్మా, ఇద్దరు. ఆ మంచు పలక మీద."

పక్కకు జరిగాను. ఆవిడ చాలాసేపు చూశారు. ఒక చుక్క కదిలి ఆగేదాకా, రెండోది కదలడం మొదలుపెట్టేదాకా.

"ఈ పూట దిగుతారా?"

"దిగరేమోనమ్మా. రాత్రి అక్కడే కూర్చుంటారు."

"తాడు కట్టుకున్నారా?"

"కట్టుకున్నారమ్మా."

ఆవిడ మళ్ళీ కన్ను ఆనించి చూశారు. వెనక టూర్ మేనేజర్ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.