క్రిస్మస్ ట్రీ కోసం సరుగుడు కొమ్మ తెస్తున్నారా? పండగ దాకా పచ్చగా ఉండాలంటే ఇలా చేయండి!

మర్కూక్ (సిద్దిపేట): విదేశాల్లో క్రిస్మస్ ట్రీ అంటే ఫర్, స్ప్రూస్ చెట్లు. చలి ప్రాంతాల్లో పెరిగే ఆ చెట్లు మర్కూక్, గజ్వేల్ వైపు మెట్ట నేలల్లో కనిపించవు. అందుకే మన దగ్గర చాలామంది సరుగుడు కొమ్మనే ట్రీగా నిలబెడతారు. అయితే నీళ్లు లేకపోతే ఇది త్వరగా ఎండిపోతుంది. ఎండిన కొమ్మకు నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది.

కొనేటప్పుడు: కొమ్మను ఒకసారి దులపండి. పచ్చని పుల్లలు జలజలా రాలితే పాతదని అర్థం. వంచితే వంగాలి, టప్పున విరగొద్దు.

ఇంటికి తెచ్చాక: మొదలు దగ్గర అంగుళం మేర మళ్లీ కోయండి. పాత కోత ఆరిపోయి నీళ్లు సరిగా పీల్చదు. బకెట్‌లో ఇటుక ముక్కల మధ్య కదలకుండా నిలబెట్టి, కోసిన చోటు మునిగేలా నీళ్లు పోయండి. రోజూ చూసి నింపుతూ ఉండాలి.

ఇవి మరవొద్దు: ఎండ, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టండి. కొవ్వొత్తులు దగ్గర్లో వద్దు. వైరు తెగిన సీరియల్ లైట్లు వాడొద్దు. ప్లగ్గు బకెట్‌కు దూరంగా ఉండాలి. పడుకునే ముందు, 25న మెదక్ చర్చికి బయల్దేరే ముందు స్విచ్ ఆపేయండి.

కొమ్మ పెళుసుగా మారితే పండగ కాకముందైనా సరే, ఇంట్లోంచి తీసేయడమే మంచిది.