కప్పు బరువును కొలిచే సిలికాన్ పలక

భూగర్భ గనిలో బొగ్గు తీసే కొద్దీ, అంతవరకు ఆ బొగ్గు మోసిన రాతి పొరల బరువు చుట్టూ మిగిలిన బొగ్గు మీదికీ, కార్మికుల తలల పైన నిలిపిన ఆధారాల మీదికీ మళ్లుతుంది. ఈ బరువు ఎక్కడ, ఎంత వేగంగా పెరుగుతున్నదో ముందుగా తెలుసుకోవడం మీదనే గని కప్పు భద్రత చాలావరకు ఆధారపడి ఉంటుంది. కర్రతో కప్పును తట్టి, చప్పుడులోని తేడాను బట్టి రాయి గట్టిగా ఉన్నదో వదులైనదో గుర్తించే పద్ధతి గనుల్లో పాతదే అయినా, దానికి అందేది అడుగు పొర ఒక్కటే. అంతకు చాలా పైన ఉన్న ఇసుకరాయి పొరల కదలికను పట్టుకోవాలంటే ఆధారాల మీద పడుతున్న పీడనాన్ని ఎడతెగకుండా కొలవాలి. కప్పు కూలితే ఎంత నష్టమో సింగరేణి సంస్థ బొగ్గు గనుల్లో కనిపించింది: గోదావరిఖనిలోని జీడీకే 8ఏ గనిలో 2003 అక్టోబరు 16న కప్పు కూలి 10 మంది, అడ్రియాల గనిలో 2022 మార్చి 7న కప్పు కూలి ముగ్గురు మరణించారు.

లాంగ్‌వాల్‌లో పీడనం

సింగరేణిలో లాంగ్‌వాల్ పద్ధతి 1983లో జీడీకే 7 గనిలో మొదలైంది. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో భారీ యంత్రాలతో 2014లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఈ పద్ధతిలో దాదాపు 250 మీటర్ల పొడవున్న బొగ్గు గోడను కోత యంత్రం చెక్కుతూ పోతుండగా, వరుసగా నిలిచిన ఉక్కు షీల్డ్‌లు కప్పును మోస్తూ దాని వెంట ముందుకు జరుగుతాయి. వాటి వెనుక ఖాళీ అయిన భాగాన్ని గోఫ్ అంటారు. అక్కడి కప్పు ఎప్పటికప్పుడు కూలుతూ ఉండటమే మేలు. గట్టి ఇసుకరాయి కూలకుండా వేలాడితే దాని బరువు షీల్డ్‌ల మీద పడుతుంది, ఆ దశనే గనివారు వెయిటింగ్ అని పిలుస్తారు. షీల్డ్ కాళ్లలో నూనె కొద్దిగా కలిపిన నీరు ఉంటుంది, కప్పు అదిమే కొద్దీ ఆ ద్రవపు పీడనం పెరిగి, వాతావరణ పీడనానికి నాలుగు వందల రెట్ల స్థాయికి చేరగలదు. కాలికి అమర్చిన సెన్సర్ ఆ పీడనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి నియంత్రణ వ్యవస్థకు పంపుతుంది.

సున్నితత్వానికీ మన్నికకూ పేచీ

ఇలాంటి సెన్సర్‌లలో ఒక ప్రధాన రకానికి గుండెకాయ డయాఫ్రమ్ అనే పలుచని సిలికాన్ పలక. డప్పు చట్రానికి తోలు బిగిసినట్టు ఇది అంచుల వెంట బిగిసి ఉంటుంది. పీడనం పడినప్పుడు నడుమ వంగుతుంది, అంచుల దగ్గర సాగుతుంది. ఆ అంచుల దగ్గరే అమర్చిన సూక్ష్మ నిరోధకాల విలువ సాగుదలతో మారుతుంది కనుక, ఆ మార్పును కొలిస్తే పీడనం తెలుస్తుంది. ఒత్తిడికి లోనైన సిలికాన్, జర్మేనియంలలో విద్యుత్ నిరోధం విశేషంగా మారుతుందని బెల్ ప్రయోగశాలకు చెందిన చార్లెస్ స్మిత్ 1954లో ప్రకటించారు. ఒకే సాగుదలకు లోహపు తీగలో కలిగే మార్పు కంటే సిలికాన్‌లో కలిగే మార్పు సుమారు యాభై రెట్లు ఉండగలదు.

పేచీ ఇక్కడే మొదలవుతుంది. పలక మందాన్ని సగానికి తగ్గిస్తే, దాని లోపల పుట్టే బలం, అంటే ప్రతిబలం, నాలుగింతలై సంకేతం కూడా అంతే పెరుగుతుంది. కానీ పలకను పగలగొట్టేదీ అదే ప్రతిబలం కనుక, అది తట్టుకోగల పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా నడుమ వంపు ఎనిమిదింతలు కావడంతో, పీడనానికీ సంకేతానికీ ఉండవలసిన సూటి నిష్పత్తి కూడా చెదురుతుంది. లోహంలా సిలికాన్ సొట్టపడదు. హద్దు దాటితే పగిలిపోతుంది. అయితే హద్దు లోపల ఉన్నంతవరకు, ఎన్నిసార్లు వంచినా పూర్వస్థితికి నిక్కచ్చిగా తిరిగి వస్తుంది. సిలికాన్‌కు యాంత్రిక పదార్థంగా ఉన్న ఇలాంటి గుణాలను కర్ట్ పీటర్సన్ 1982లో ఒక సుప్రసిద్ధ వ్యాసంలో విపులంగా చర్చించారు.

పనిని పంచడం

అందువల్ల రూపకర్తలు పలకను ఇంకా పలుచన చేయడానికి బదులు, ప్రతిబలం ఎక్కడ పుట్టాలో నిర్ణయించే మార్గం పట్టారు. పలక నడుమ మందమైన దిమ్మెను వదిలితే వంపు తగ్గి, ప్రతిబలం నిరోధకాలున్న సన్నని చోట్లకే పరిమితమవుతుంది. పగులు సాధారణంగా ఉపరితలంపైని సూక్ష్మ లోపాల నుంచీ, పదునైన మూలల నుంచీ మొదలవుతుంది కాబట్టి మూలలను గుండ్రంగా మలుస్తారు. పలక కింద కొన్ని మైక్రాన్ల ఎడంలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కొలతల్లో, ఒక ఆనిక ఉంచితే, పీడనం హద్దు మీరినప్పుడు పలక దాని మీద వాలి, మరింత వంగకుండా నిలుస్తుంది.

గనిలోని తేమ, ధూళి, రసాయనాల నుంచి పలకను కాపాడటానికి దాని ముందు పలుచని తుప్పుపట్టని ఉక్కు తెరను ఉంచి, రెంటికీ నడుమ సిలికోన్ నూనెను నింపుతారు. దెబ్బలను ఉక్కు భరిస్తే, పీడనాన్ని నూనె దాదాపు తగ్గకుండా లోపలికి చేరవేస్తుంది. అయితే వేడికి నూనె వ్యాకోచించి తప్పుడు సంకేతమివ్వగలదు కనుక దానిని వీలైనంత తక్కువగా నింపి, మిగిలిన దోషాన్ని ఎలక్ట్రానిక్ వలయంతో సరిదిద్దుతారు. కవాటాలు హఠాత్తుగా తెరుచుకుని మూసుకున్నప్పుడు ద్రవంలో పుట్టే పీడన కెరటాలను, మార్గంలో అమర్చిన సన్నని రంధ్రం అణచివేస్తుంది. ఇంజిన్‌లో క్షణంలో వెయ్యో వంతులో జరిగే మార్పును కొలవవలసిన చోట ఈ రంధ్రం లోపమే అవుతుంది. నిమిషాలు, గంటల పాటు క్రమంగా పెరిగే కప్పు బరువును గమనించే చోట దానివల్ల కోల్పోయేది దాదాపు ఏమీ లేదు.

మీథేన్ వాయువు ఉండే గనిలో నిప్పురవ్వ పుట్టనంత స్వల్ప విద్యుత్తుతోనే పరికరం నడవాలి కాబట్టి, విద్యుత్తు పెంచి సంకేతాన్ని బలపరిచే వీలు లేదు. తక్కువ విద్యుత్తుకే పెద్ద సంకేతమిచ్చే సిలికాన్ గుణం ఇక్కడ అక్కరకు వస్తుంది.

మన్నిక అంటే పగలకుండా ఉండటం ఒక్కటే కాదు. పలకను అతికించిన జిగురు నెమ్మదిగా జారినా, ఉక్కు తెర కొద్దిగా సొట్టపడినా, సెన్సర్ పనిచేస్తూనే తప్పు అంకెలు చూపుతుంది. పూర్తిగా పాడైన సెన్సర్ వెంటనే తెలిసిపోతుంది గానీ, ఇలా మెల్లగా దారి తప్పినది నమ్మకాన్ని కలిగిస్తూనే మోసగిస్తుంది. పక్క షీల్డ్‌ల అంకెలతో పోల్చడం, నిర్ణీత గడువుల్లో ప్రామాణిక పరికరంతో సరిచూడటం ఇందుకు విరుగుడు. సున్నితత్వం, మన్నిక రెండూ సాధించిన సెన్సర్ సైతం కప్పును మోయదు, హెచ్చరిక మాత్రమే ఇస్తుంది. దానిని క్రమం తప్పక సరిచూసే ఏర్పాటు, పీడనం పెరుగుతున్నట్టు కనిపించగానే పని ఆపి మనుషులను వెనక్కి పంపే నిర్ణయం తోడైనప్పుడే ఆ హెచ్చరిక ప్రాణాలు కాపాడగలదు.