డీసెలు ఇంజను స్టార్టు కానిచో



గడచిన యాసంగిలో మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మూడు దినములు పాఠశాలకు రాలేదు. కారణ మడుగగా, తమ బావి మీది డీసెలు ఇంజను స్టార్టు కాకున్నదనియు, తండ్రియు తానును వంతులవారీగా హ్యాండిలు త్రిప్పి యలసిపోతిమనియు, వరి పొట్టదశలో నున్నదనియు చెప్పెను. ఆ దశలో నీరు తప్పినచో తాలు గింజలే మిగులునని నల్లగొండ, మహబూబునగరము మండలముల రైతుబిడ్డలకు మేము చెప్పనక్కర లేదు. మరునాడు శనివారము. మేము నలుగురు విద్యార్థులతో ఆ పొలమునకు పోతిమి.

మొదట ఇంజను పనిచేయు విధ మెరుగవలయును. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు స్పార్కు ప్లగ్గు కలదు. డీసెలు ఇంజనులో నది లేదు. సైకిలు పంపును వేగముగా కొట్టినపుడు దాని యడుగు వేడెక్కుట మీ రెరుగుదురు. గాలిని నొక్కినచో వేడి పుట్టును. ఈ ఇంజను సిలిండరులో గాలి సుమారు పదునారవ వంతునకు నొక్కబడి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి కాగును. ఆ క్షణమున నాజిలు డీసెలును సన్నని తుంపరగా చిమ్మగా, నది తనంతట మండును. దీనిని నిర్మించిన రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను ఇంజనీరు 1858లో పారిస్ నగరమున జన్మించెను. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున నాతని ఇంజను జయప్రదముగా నడచెను. 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనమున నిట్టి చిన్న ఇంజను వేరుసెనగ నూనెతో నడుపబడెను. పల్లికాయ పండించు మన పాలమూరు వారి కిది ముచ్చటైన సంగతి.

కావున ఇంజనుకు మూడు కావలయును: డీసెలు, గాలి, నొక్కుడు. స్టార్టు కానిచో నీ మూడింటిలో నేదో లోపించినదని యర్థము. వరుసగా వెదకువాడు త్వరగా కనుగొనును. తోచిన నట్టు నెల్ల విప్పువాడు ఒక లోపమును మూడు చేయును.

మొదటిది డీసెలు. టాంకులో డీసెలు కలదా? కుళాయి తెరచియున్నదా? ఇంజను నాపు లివరు ఆపినచోటనే యున్నదా? టాంకు మూతలోని చిన్న రంధ్రము దుమ్ముతో పూడినచో గాలి లోనికి రాక డీసెలు దిగదు. ఫిల్టరు మురికిపట్టినను అంతియే. కొంచెము డీసెలును గాజుసీసాలో పట్టి కదల్పక యుంచుడు. నీరు కలిసియున్నచో నది బరువైనది గనుక అడుగున చేరును.

హ్యాండిలు త్రిప్పునపుడు పొగగొట్టమును చూడుడు. తెల్లని పొగ వచ్చినచో డీసెలు చేరుచున్నది గాని మండుట లేదు. ఏ పొగయు రానిచో డీసెలే చేరుట లేదు. ఆ పొలమున టాంకు నిండుగా నుండెను. పొగ మాత్రము లేదు. మరునాడు అప్పు తెచ్చి క్రొత్త నాజిలు కొనవలయునని ఆ తండ్రి నిశ్చయించుకొని యుండెను. ఇంజను మొదట ఎట్లు ఆగినదని మేమడిగితిమి. డీసెలు పూర్తిగా అయిపోయి ఆగెననియు, తరువాతనే టాంకు నింపితిననియు నాతడు చెప్పెను. లోపము తెలిసినది. ఖాళీ యైన పైపులలో గాలి చేరినది. డీసెలును పంపు నెట్టినచో నాజిలు తెరచుకొనును. గాలిని నెట్టినచో గాలియే నలిగి ఊరకుండును.

ఫిల్టరు మీది గాలిమరను పానాతో వదులు చేసితిమి. నురుగుతో బుడగలు వచ్చెను. బుడగలు లేని ధార వచ్చిన పిదప బిగించితిమి. పంపు వద్దను అట్లే చేసితిమి. తరువాత నాజిలుకు పోవు పైపు నట్టును కొంచెము వదులు చేసి, హ్యాండిలు త్రిప్పి, డీసెలు రాగానే బిగించితిమి. మరల త్రిప్పగా నాజిలు కిర్రుమని పలికెను. తండ్రి వేగముగా త్రిప్పుచుండగా బాలుడు లివరు వదలెను, ఇంజను నడచెను. అది పావుగంట పని.

రెండవది గాలి. వేసవి దుమ్ముతో గాలి ఫిల్టరు మూసికొనిపోవును, శుభ్రపరుపుడు. మూడవది నొక్కుడు. లివరు వదలిన పిదప హ్యాండిలు బరువుగా తిరుగవలయును. తేలికగా తిరిగినచో కవాటము పట్టియుండును, లేదా రింగులు అరిగియుండును, లేదా గ్యాస్కెటు కారుచుండును. అపుడు మెకానిక్కును పిలువవలయును. ట్రాక్టరు ఇంజను మందముగా తిరిగినచో మొదట బ్యాటరీని, దాని తీగల కొనలను చూడుడు.

మూడు జాగ్రత్తలు మరువకుడు. హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లతో నొకే వైపున నుండవలయును. ఇంజను ఎదురు తన్నినచో వ్రేలు విరుగును. నాజిలు తుంపరకు చేయి అడ్డము పెట్టకుడు. అది చర్మమును దూరి లోనికి పోవును, వెంటనే ఆసుపత్రికి పోవలయును. మూడవది ప్రాణమునకు సంబంధించినది. పంపు ఆచరణమున ఏడు మీటర్లకు మించి నీటిని పీల్చజాలదు గనుక, నీరు దిగినకొలది కొందరు ఇంజనును బావిలోని గట్టునకు దించుదురు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. దీపము వెలుగుచున్నంత మాత్రమున బావి నిరపాయ మనుకొనరాదు. ఇంజను నడచిన బావిలోనికి దిగరాదు. పడిపోయినవాని కొరకు తొందరపడి వెంట దిగరాదు.

2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైన పిదప బావుల మీద ఇంజనుల యవసరము తగ్గినది. అయినను ట్రాక్టరు, జనరేటరు, కోతయంత్రము డీసెలుతోనే నడచుచున్నవి.

సోమవారము ఆ బాలుడు తరగతికి వచ్చెను. అరచేతి బొబ్బలు ఇంకను మానలేదు. కావున, విద్యార్థులారా, హ్యాండిలు పట్టుటకు ముందు "ఇది ఎట్లు ఆగెను?" అని అడుగుడు.