ముందు నిలబడేవాడు

మా ఏలూరు ప్రాంతంలో ట్యాంకు అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. పేటలో అంటే మంచినీళ్ళ ట్యాంకు. కొల్లేటివైపు వెళ్ళి అంటే చేపల చెరువు. 2006లో ప్రభుత్వంవారు గట్లు తెగగొట్టించిన ట్యాంకులు అవే. వార్తాపత్రిక చదివే తాతగారికైతే యుద్ధభూమిలో దొర్లే ఇనుపబండి. ఈ మూడూ చాలనట్టు కాలేజీ కుర్రవాళ్ళు నాలుగో అర్థం ఒకటి తెచ్చారు. "మన పార్టీలో ట్యాంకు ఎవడ్రా?" అని ఒకడు అడుగుతాడు. మిగిలిన ముగ్గురూ ఎవరి ఫోను వారు చూసుకుంటారు.

పార్టీ అంటే ఇక్కడ ఓట్ల పార్టీ కాదు, కంగారు పడనక్కర్లేదు. కంప్యూటరులో ఆడే ఒక యుద్ధపు ఆటలో కలిసి నడిచే నలుగురి జట్టు అది. శత్రువులు మీద పడినప్పుడు అందరికంటె ముందు నిలబడి, తక్కిన ముగ్గురి మీద పడవలసిన దెబ్బలు తాను కాచుకునేవాడు ట్యాంకు. మన పిల్లలు రాత్రి రెండు గంటలదాకా తలుపు వేసుకుని ఏం వెలగబెడుతున్నారో తెలియక బాధపడే తల్లిదండ్రులు, కనీసం ఈ ట్యాంకు సంగతి తెలుసుకుంటే కొంత కాలక్షేపంగా వుంటుంది. పిల్లవాడితో మాట్లాడడానికి ఒక విషయమూ దొరుకుతుంది.

ఈ ఆటలకు మూలపురుషుడు కంప్యూటరు కానే కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అని ఒక ఆట అచ్చువేశారు. కాగితం, పెన్సిలు, పాచికలు, చుట్టూ కూర్చున్న స్నేహితులు, ఇవే దాని సామగ్రి. ఒక్కొక్కరు ఒక్కొక్క వేషం: యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. కథ చెప్పేవాడు ఒకడు. మన వీథినాటకానికీ పచ్చీసుకూ పెళ్ళి చేస్తే పుట్టిన పిల్లలాగా వుంటుందనుకోండి. ఆ ఆట చట్టాలనే తీసుకుని బెల్జియం దేశంలోని గెంట్ నగరానికి చెందిన లారియన్ అనే సంస్థవారు 2023 ఆగస్టులో "బాల్డర్స్ గేట్ 3" అనే కంప్యూటరు ఆటను విడుదల చేశారు. ఆ ఏటి మేటి ఆటగా దానికి పెద్ద బహుమానం వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుకుంటూ శనివారాలు మా యింటికి వచ్చే నలుగురు కుర్రవాళ్ళు ఆడేది అదే. ఒకడు మా మేనల్లుడు, ముగ్గురు వాడి స్నేహితులు. మా యింట్లో ఇంటర్‌నెట్టు బాగుంటుందిట. మా ఆవిడ పెట్టే పకోడీల మాట వాళ్ళు ఎత్తరు.

అసలు చిక్కు ఎక్కడ వుందంటే, ముందు నిలబడ్డంత మాత్రాన శత్రువు వాణ్ణే కొట్టాలని చట్టమేమీ లేదు. 2004లో వచ్చిన "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" వంటి మూకుమ్మడి ఆటల్లో ట్యాంకు గట్టిగా కవ్విస్తే చాలు, రాక్షసుడు కళ్ళు మూసుకుని వాడి మీదికే వస్తాడు. ఈ ఆటలో అటువంటి కవ్వింపు దాదాపు లేదు. శత్రువు తన వంతు వచ్చినప్పుడు నలుగురినీ చూస్తాడు. ఇనుపచొక్కా తొడుక్కుని బండరాయిలా నిలబడ్డవాడొకడు, వెనక నూలుబట్టలతో మంత్రాలు చదువుకుంటున్న బక్కవాడొకడు. మీరైతే ఎవరిని కొడతారు? వాడూ అదే చేస్తాడు, బండరాయిని చుట్టి వెనక్కి పోతాడు.

తమ్మిలేటి వరద చూసినవారికి ఇది వేరే చెప్పాలా? గట్టు ఫర్లాంగు పొడుగున ఎంత ఎత్తయినా వుండనీయండి, ఒక్కచోట జానెడు పల్లముంటే నీరు అక్కడినుంచే వస్తుంది.

ఇక కవచం లెక్క. శత్రువు కొట్టినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. పడిన అంకెకు వాడి నేర్పు కలిపితే, అది మనవాడి కవచబలానికి సమానంగానో మించో వుండాలి. అప్పుడే దెబ్బ తగులుతుంది. శత్రువు నేర్పు 5 అనుకుందాం. కవచబలం 12 వున్న మాంత్రికుడి మీద 7 పడితే చాలు, అంటే ఇరవై దెబ్బల్లో పద్నాలుగు తగులుతాయి. నిండు ఉక్కుకవచానికి 18, డాలుకు 2, మొత్తం 20 వున్న యోధుడి మీద 15 పడాలి, అంటే ఇరవైలో ఆరే. ఇందులో ఒక చమత్కారం వుంది. మాంత్రికుడి 12ను 14 చేస్తే పద్నాలుగు దెబ్బలు పన్నెండవుతాయి. ఏడో వంతు తగ్గాయి. యోధుడి 20ని 22 చేస్తే ఆరు దెబ్బలు నాలుగవుతాయి. మూడో వంతు తగ్గాయి. అవే రెండు అంకెలు, ఉన్నవాడి దగ్గర చేరితే ఎక్కువ పలుకుతాయి. అందుకని కుర్రవాళ్ళు దొరికిన ఉంగరం, దొరికిన శిరస్త్రాణం అన్నీ ట్యాంకుకే తొడుగుతారు. తొడిగేకొద్దీ శత్రువు వాడి జోలికి రావడం మానేస్తాడు. అదీ తమాషా.

మరి దీనికి విరుగుడు? మన పులిజూదంలో వుంది. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుడిమండపాల రాతిపలకల మీద చెక్కిన ఆ గీతలు మీరు చూసే వుంటారు. పులి మేక మీదినుంచి దూకి, అవతల ఖాళీ వుంటేనే దాన్ని తినగలదు. మేక వెనకాల ఇంకొక మేక నిలబడితే పులికి దూకే చోటు లేదు. మేకకు కొమ్ములు పెరగలేదు, బలం పెరగలేదు, నిలబడ్డ చోటు మారిందంతే. ఈ కంప్యూటరు ఆటలోనూ ట్యాంకు విద్యలో సగం చోటు చూసుకోవడంలోనే వుంది. విశాలమైన బయలులో వాడు ఎందుకూ కొరగాడు. గుమ్మంలో నిలబెట్టండి, వంతెన మీద నిలబెట్టండి, చుట్టి వెళ్ళే దారి వుండదు. పైగా, ఎదుట నిలబడ్డ శత్రువు పక్కకు తప్పుకుని పోబోతే, పోతూ పోతూ వుండగా ఒక వేటు వేసే హక్కు మనవాడికి వుంది. సెంటినెల్ అనే ప్రత్యేక విద్య నేర్చుకుంటే ఆ వేటు తగిలినవాడు అక్కడే ఆగిపోతాడు.

ద్వారంలో నిలబడడమంటే మన తెలుగువారికి వెంటనే జ్ఞాపకం రావలసినవాడు సైంధవుడు. అడవిలో పాండవుల చేత పరాభవం పొందాక వాడు తపస్సు చేశాడు. ఆ తపఃఫలమంతా ఒక్క పనికే ఖర్చుపెట్టాడు: అర్జునుడు తప్ప మిగిలిన నలుగురినీ ఒక్కరోజు ఆపగలగడం. పద్మవ్యూహం ముఖాన నిలబడి ఆపాడు, లోపల అభిమన్యుడు ఒంటరి అయిపోయాడు. ఈనాటికీ ఎవడైనా పనికి అడ్డం వస్తే సైంధవుడిలా అడ్డుపడ్డాడంటాం. తిట్టుగానే అంటాం గాని, ఆటగాడి కళ్ళతో చూస్తే అంతకంటె శుద్ధమైన ట్యాంకు మరొకడు లేడు. వాడు చంపినవాళ్ళ జాబితా ఎవరికీ జ్ఞాపకం లేదు, ఆపినవాళ్ళ పేర్లు అందరికీ జ్ఞాపకం.

తపఃఫలం ఎక్కడ ఖర్చుపెట్టాలి అన్నదాన్నే కుర్రవాళ్ళు "బిల్డ్" అంటారు. ఆట మొదట్లో ప్రతి పాత్రకూ ఆరు గుణాలు: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. అన్నీ 8 దగ్గర మొదలవుతాయి. చేతికి 27 పాయింట్లు ఇస్తారు. 13 దాకా మెట్టుకు ఒక పాయింటు. 14కూ 15కూ ఎక్కడానికి మెట్టుకు రెండేసి. 15 మించి కొనడానికి వీల్లేదు. కాబట్టి ఒక్కొక్క 15కు తొమ్మిదేసి చొప్పున మూడు గుణాలకు కొంటే సంచి ఖాళీ, మిగతా మూడూ 8 దగ్గరే వుండిపోతాయి. మధ్యతరగతి సంసారి నెల మొదటి తారీఖున వేసే లెక్కకూ దీనికీ నాకు పెద్ద తేడా కనపడలేదు.

మా యింటికొచ్చే నలుగురిలో ట్యాంకు పని ఎవరూ కోరుకోలేదు. ఎందుకంటే కొట్టినవాడి అంకె తెరమీద పెద్ద అక్షరాలతో ఎగురుతుంది. మాంత్రికుడు నిప్పుముద్ద విసిరితే నలుగురూ ఒకేసారి కేక వేస్తారు. పడకుండా పోయిన దెబ్బకు ఏ అంకే ఎగరదు. చివరికి ఆ పని కొల్లేటి లంకగ్రామంనుంచి వచ్చిన కుర్రవాడికి అంటగట్టారు. మితభాషి. వాళ్ళ ఊరు నీళ్ళమధ్య వుంటుంది, వర్షాకాలంలో ఇంటికి వెళ్ళి రావడమే వాడికి ఒక యుద్ధం. వాడు బలం, చురుకుదనం, దేహదారుఢ్యం మూడూ 15 కొని, వివేకం 8 దగ్గర వదిలేశాడు.

గాబ్లిన్లనే మరుగుజ్జు రాక్షసుల గుంపుతో యుద్ధం వచ్చింది. మూడుసార్లు ఓడారు. మూడుసార్లూ ఒకటే కథ: గుంపు లంకకుర్రవాణ్ణి వదిలేసి, చుట్టూ తిరిగి పూజారి మీద పడేది. పూజారి నిలబెట్టిన ఆశీర్వాద మంత్రం ఏకాగ్రత మీద నడుస్తుంది. దెబ్బ తగిలినప్పుడల్లా ఏకాగ్రత నిలిచిందా లేదా అని పాచిక వేయాలి. పోతే ముగ్గురికీ వున్న బలం ఒక్కసారే పోతుంది.

"నువ్వేం చేస్తున్నావురా మావా అక్కడ, దిష్టిబొమ్మలా?" అని మా మేనల్లుడు విసుక్కున్నాడు.

"నన్నెవడూ కొట్టట్లేదురా," అన్నాడు వాడు. ఆ గొంతులో నిజమైన బాధ వుంది. దెబ్బలు తినడానికి సిద్ధపడి వెళ్ళినవాణ్ణి ఎవరూ లెక్కచేయకపోతే అదొక అవమానం కాబోలు.

నాలుగోసారి వాడు ఎవరినీ అడగకుండా అందరినీ గదిబయటికి లాగి, తాను గుమ్మంలో నిలబడ్డాడు. అంతే. లోపలి గుంపంతా ఒక్క మనిషి ముందు వరస కట్టవలసి వచ్చింది. పదినిమిషాలు వాడి పాత్ర ఒక్క అడుగు కదలలేదు. యుద్ధం గెలిచారు. కేకలన్నీ నిప్పుముద్దలు విసిరినవాడికి వచ్చాయి. నేను పకోడీల పళ్ళెం లంకకుర్రవాడి వైపు జరిపాను. నాకు చేతనైన న్యాయం అది.

కాని వాడి 8 వివేకం వాణ్ణి ఆ తరువాతి వారం పట్టుకుంది. మనిషిని కొయ్యబొమ్మను చేసే మంత్రమొకటి వుంది. దాన్ని తట్టుకోవడానికి పనికివచ్చేది వివేకం మాత్రమే, ఉక్కు కాదు. ఒక మంత్రగాడు అది వేశాడు. కవచబలం 20 అలాగే వుంది, మనవాడు బిగుసుకుపోయాడు. కొయ్యబారినవాణ్ణి దగ్గరికి వెళ్ళి కొడితే, తగిలిన ప్రతి దెబ్బా మామూలుదానికి రెట్టింపు లెక్క. గాంధారి చూపు పడి వజ్రమైన ఒంట్లో తొడలు మాత్రం మిగిలాయని జనం చెప్పుకునే దుర్యోధనుడి కథ నాకు జ్ఞాపకం వచ్చింది. కుర్రవాళ్ళతో చెప్పాను. "అచ్చంగా అదేనండీ మాస్టారూ! తొడలు డంప్ స్టాట్ అండీ!" అన్నాడు ఒకడు. తెలుగు ఎం.ఏ. పాఠ్యగ్రంథాల్లో ఈ వ్యాఖ్యానం నేను చదవలేదు, కాని కొట్టిపారేయలేను.

ట్యాంకుల్లో ఇంకొక జాతి వుంది. వీళ్ళు గట్టివాళ్ళయి ఊరుకోరు, శత్రువుకు ఆశ పుట్టిస్తారు. ఆటలో బార్బేరియన్ అనే మొరటు వీరుడికి కోపం తెచ్చుకునే విద్య వుంది. ఆ కోపంలో కత్తిపోట్లు సగమే బాధిస్తాయి. దానితోపాటు, ఒళ్ళు తెలియకుండా కొట్టే పద్ధతి ఒకటి ఎంచుకుంటే వాడి దెబ్బలు బాగా తగులుతాయి, వాణ్ణి కొట్టడమూ శత్రువుకు సులువవుతుంది. చూడ్డానికి ఇది తెలివితక్కువ. కాని వాడు సులువుగా దొరుకుతున్నాడు కాబట్టే శత్రువు వాడి మీదికి వస్తాడు, వెనకవాళ్ళు బతికిపోతారు.

మన భారతంలో ఈ పని చేసినవాడు ఘటోత్కచుడు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి వుంది, ఒక్కసారే ప్రయోగించాలి, అది అర్జునుడికోసం దాచుకున్నాడు. ఆ రాత్రి ఘటోత్కచుడు కౌరవసేనను ఎంత వూచకోత కోశాడంటే కర్ణుడికి ఆ శక్తి వాడక తప్పలేదు. తిక్కనగారి ద్రోణపర్వంలో ఘటోత్కచుడు పడిపోయినప్పుడు పాండవులందరూ ఏడుస్తూ వుంటే కృష్ణుడు ఒక్కడూ సంతోషిస్తాడు. చిన్నప్పుడు అది చదివి కృష్ణుడి మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1957 నాటి "మాయాబజార్"లో మన నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావుగారు వేసిన ఘటోత్కచుణ్ణి చూసినవాడికి, ఆ రాత్రి పాండవశిబిరంలో జరిగిన లెక్క రుచించడం కష్టం. ఆటలో లెక్క సరే. శత్రువు దాచుకున్న పెద్ద మంత్రం ట్యాంకు మీద ఖర్చయిపోతే అందరూ చప్పట్లు కొడతారు, పడినవాణ్ణి మంత్రంతో మళ్ళీ లేపుతారు.

కాలం విషయం మాత్రం తల్లిదండ్రుల తరఫునే మాట్లాడతాను. ఈ ఆట పూర్తికావడానికి నూరు గంటలయినా పట్టవచ్చు. పరీక్షలముందు మొదలుపెట్టేది కాదు. మా యింట్లో రాత్రి పదిన్నరకు ఇంటర్‌నెట్టు ఆపేసే పూచీ మా ఆవిడ తీసుకుంది. ఆవిడను చుట్టి వెళ్ళే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ఆటలో విథర్స్ అని ఎండిపోయిన శవంలాంటి ముసలివాడొకడు వుంటాడు. నూరు బంగారు నాణాలు పుచ్చుకుని, పాత్రను మొదటినుంచి మళ్ళీ కట్టుకోనిస్తాడు. ఇటువంటి సౌకర్యం విశ్వవిద్యాలయాల్లో వుంటే ఇంజనీరింగు తరగతులు సగం ఖాళీ అయి మా తెలుగు తరగతులు నిండేవని నా దురాశ. లంకకుర్రవాడు పోయిన శనివారం ఆ ముసలివాడి దగ్గరికి వెళ్ళాడు. మిగిలిన ముగ్గురూ బలం ఇంకా పెంచుకోమని పోరుపెట్టారు. వాడు కాగితం తీసి కూడికలు వేసుకున్నాడు. బరువు కవచం తొడిగినవాడికి చురుకుదనం వల్ల కవచబలం పెరగదు కాబట్టి దాన్ని 15నుంచి 10కి దించాడు. ఏడు పాయింట్లు మిగిలాయి. ఆ ఏడూ పెట్టి వివేకం 14 చేశాడు.

"ఏరా మావా, ఇప్పుడు గట్టిగా కొట్టగలవా?" అని అడిగారు.

"కొట్టేది మీరు కదరా," అన్నాడు వాడు, గుమ్మం ఎక్కడ వుందో వెతుక్కుంటూ.