రచనల స్వేచ్ఛా వితరణము: అనుమతుల యెంపిక

రాష్ట్రేతరాంధ్రుల యిండ్లలో అచ్చునకు నోచని పాటలు, వ్యాసములు పెక్కు గలవు. భారత చట్టము ననుసరించి రచయిత గతించిన పిమ్మటను వానిని స్వామ్యము గలవారి యనుమతి లేక ప్రకటింపరాదు. ఆ యనుమతిని ముందుగనే లోకమున కొసగునవి 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. నేటి ఆఱింటను కర్త పేరు చెప్పుట విధి. 'మార్పు కూడదు' అన్నచో అనువాదమును వెలువరించుటయు నిషిద్ధమే. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీలలో మాత్రమే చదువనేర్చిన మన పిల్లల కది యందదు. 'వ్యాపారము కూడదు' అన్నచో వికీపీడియా ఆ రచనను స్వీకరింపదు. కావున, మార్చినవారును అదే స్వేచ్ఛ నొసగవలెనను 'షేర్‌ఎలైక్' మనకు మేలు. అయినను ఒకసారి యిచ్చిన యనుమతిని మరల గైకొన వీలులేదు. పెద్దల రచనయైనచో వారసు లందఱి సమ్మతి పొందిన పిమ్మటనే యీయవలెను.