మంత్రగత్తె అని ఎవరిని అంటున్నాము?

మన కథల్లో మంత్రం తెలిసిన మగవాణ్ణి మాంత్రికుడు అంటారు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు చెడ్డవాడే, అయినా ఆ పేరుకు ఒక గౌరవం ఉంది. అదే మంత్రం ఆడదానికి తెలిస్తే మంత్రగత్తె. అది తిట్టు. కొళాయి దగ్గర కొట్లాటలో మనం ఎవరినీ ‘మాంత్రికుడా’ అని తిట్టము గదా.

2005లో వచ్చిన చంద్రముఖి మీరందరూ చూసే ఉంటారు. అరవ సినిమాలో తెలుగు పాట వస్తే మనకు సంతోషమే. కానీ ఆ పాట పాడేది ఎవరు? పేయి. కథలో ఆమె తెలుగు నర్తకి. వేట్టైయన్ అనే రాజు ఆమెను బలవంతంగా తెచ్చి పెట్టుకున్నాడు. ఆమె ప్రేమించినవాని తల నరికినాడు. ఆమెను నిప్పుల్లో కాల్చినాడు. ఇంత చేసినవాడు రాజు. చచ్చినామె దయ్యం.

ఇంకొక సంగతి చూడండి. ఈ కథకు మూలం 1993లో వచ్చిన మలయాళ సినిమా మణిచిత్రతాళు. అందులో నాగవల్లిది తంజావూరు, అరవం మాట్లాడుతుంది. 2004లో కన్నడంలో ఆప్తమిత్ర తీసినప్పుడు ఆమె తెలుగు పాట పాడింది. మలయాళం వాళ్ళకు పేయి అరవామె. కన్నడం, అరవం వాళ్ళకు తెలుగామె. ఎవరికి వాళ్ళు పొరుగు భాష ఆడదాన్నే దయ్యంగా చూపించినారు. ఊరు మారి వచ్చినామె, అండ లేనామె, ఆమెకే ఆ వేషం. మనమూ ఊరు మారి వచ్చినవాళ్ళమే.

ఆడవాళ్ళ హక్కుల గురించి రాసేవాళ్ళు ఒక మాట చెప్తారు. మంత్రగత్తె కథ వింటే, ఆమె ఏం చేసిందని కాదు, ముందు ఆమెకు ఏం చేసినారని అడగండి అని.

ఇది కథల్లోనే ఉంటే ఫరవాలేదు. నాతోపాటు మిల్లులో రీలింగ్ చేసిన ఒకామె మా లైన్లో ఒంటరిగా ఉండేది. మొగుడు లేడు, బిడ్డలు లేరు. పక్కింటి బిడ్డకు జ్వరం వస్తే ఆమె కన్ను పడిందన్నారు. ఆమె చేతి నీళ్ళు తాగడం మానినారు. ఆ జ్వరం టైఫాయిడ్. మందుతో పోయింది. ఆమెకు పడిన పేరు మాత్రం చచ్చేదాకా పోలేదు. బీహారులో ఇట్లాంటి ముద్ర వేసి ఆడవాళ్ళను కొట్టి చంపుతుంటే 1999లో దానికోసమే చట్టం చేయవలసి వచ్చింది.

మన కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ వేరే దారిలో రాసినారు. ఇంట్లో మాట తెలుగు, రాసింది అరవం. 1976లో వచ్చిన ఆయన గోపల్ల గ్రామం నవలలో చెన్నాదేవి అనే పిల్లను ఏలేవాడు కోరుతాడు. మనవాళ్ళు పిల్లను అప్పజెప్పకుండా ఊరే విడిచి ఇటు వస్తారు. ఆ కథ చెప్పేది మంగతాయారు అవ్వ, నూరేళ్ళు దాటిన మనిషి. అంత ముసలామెను ఇంకెవరైనా మంత్రగత్తెను చేసి ఉండేవారు. ఇక్కడ అందరూ ఆమె చుట్టూ కూర్చుని వింటారు.

విరుదునగర్‌లో గానీ, ఇక్కడ గానీ, మన వీధుల్లో ఒంటరి అవ్వలు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పిల్లలను పంపండి. చంద్రముఖి టీవీలో వచ్చినప్పుడు, రాజు ఏం చేసినాడో పిల్లలకు ముందు చెప్పండి. పేయి సంగతి తర్వాత.