తలుపు తీసేది ఎవరు?

మన ఇళ్ళలో పైకి అనని మాటలు రెండున్నాయి: ప్రొబేషన్, హెచ్.ఐ.వి. నేను తెలుగు నేర్చుకున్న గుడి తరగతుల్లోనూ ఈ మాటలు రాలేదు. ఈసారి రెండూ కలిపి చదువుదాం.

ప్రొబేషన్ అంటే శిక్ష పడ్డ మనిషిని కోర్టు కొన్ని షరతులతో బయట ఉంచడం. శాన్ రామన్‌లో ఉండేవారికి ఆ కోర్టు మార్టినెజ్‌లో ఉంది. కాలిఫోర్నియాలో 2021 నుంచి చాలా కేసుల్లో చిన్న నేరానికి ఒక ఏడాది, పెద్ద నేరానికి రెండేళ్ళు దాని గడువు.

ఇక రెండో మాట. 1984లో అమెరికా పరిశోధకులు ఒక పటం గీశారు. 10 నగరాల్లోని 40 మంది ఎయిడ్స్ రోగులు లైంగిక సంబంధాల ద్వారా ఒకరితో ఒకరు ముడిపడి ఉన్నారని అందులో తేలింది. అంటే మీరు ఎంతమందితో కలిశారన్నది ఒక్కటే లెక్క కాదు. వాళ్ళు ఇంకెవరితో కలిశారన్నదీ లెక్కే. సూదుల విషయమూ అంతే.

ఫిజీని చూడండి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి మన పెద్దలు గిర్మిట్ కూలీలుగా దిగిన దేశం. జనాభా పది లక్షలు కూడా లేదు. 2024లో అక్కడ 1,583 కొత్త హెచ్.ఐ.వి. కేసులు బయటపడ్డాయి. 2025 జనవరిలో ప్రభుత్వం వ్యాధి ప్రబలిందని ప్రకటించింది. మత్తుమందు సూదులు పంచుకోవడం ఒక పెద్ద కారణం.

ఇప్పుడు ప్రొబేషన్‌లో ఉన్న మన కుర్రవాడిని ఊహించుకోండి. ఫలానావారిని కలవవద్దని కోర్టు షరతు పెట్టవచ్చు. ఉద్యోగం దొరకదు. పెళ్ళికి పిలుపు రాదు. పిన్ని ఫోనెత్తదు. మన పాత ఊళ్ళలో దీన్ని 'వెలి' అనేవారు; కోర్టు వేయని ఆ శిక్ష మనం వేస్తున్నాం. మరి రాత్రి ఎక్కడ పడుకుంటాడు? తలుపు తీసినవాడి ఇంట్లో. ఆ ఇంట్లో సూది తిరుగుతుంటే, అదీ వాడి చుట్టరికంలోకి వస్తుంది.

మందులున్నాయి. వైరస్ సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రకు 2012లో అనుమతి వచ్చింది. సోకినవారు రోజూ మందు వేసుకుని, రక్తపరీక్షకు వైరస్ అందనంతగా తగ్గితే, లైంగిక సంబంధం వల్ల ఎదుటివారికి అంటదు. కానీ ఇవి వాడికి ఎవరు చెప్పాలి? మత్తు అలవాటు గురించి ప్రొబేషన్ ఆఫీసరుతో అంటే జైలు భయం. అమ్మతో అంటే సిగ్గు. మిగిలింది బాబాయి, అత్త, క్రికెట్ ఆడే అన్న. అంటే మీరే.

ఆదివారం భోజనానికి పిలవండి. తిన్నాక అడగడానికి తెలుగు వాక్యం కావాలంటే ఇదిగో: "పరీక్ష చేయించుకుందాం రా, నేనూ చేయించుకుంటాను."